స్ప్రింట్‌లో తప్పు ఎక్కడ మొదలవుతుంది?

2024 జులై 4న టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు ఆరో అంచె దిజోన్ పట్టణంలో ముగిసింది. డిలాన్ గ్రూనెవెగెన్, యాస్పర్ ఫిలిప్సెన్ దాదాపు ఒకేసారి గీత దాటారు. తేడా కొన్ని సెంటీమీటర్లు. ఫొటో చూసి గ్రూనెవెగెన్ గెలిచాడని తేల్చారు. కాసేపటికి ఫిలిప్సెన్‌కు ఆ రెండో స్థానం కూడా మిగల్లేదు. బ్యారికేడ్ పక్కగా దూసుకొస్తున్న వౌట్ వాన్ ఆర్ట్‌కి అడ్డంగా జరిగాడని న్యాయనిర్ణేతలు అతన్ని తనతో పాటు వచ్చిన గుంపులో అందరికన్నా కిందికి నెట్టేశారు. ఆ స్ప్రింట్‌లో ఎవరూ పడలేదు. ఎవరి చర్మమూ గీరుకుపోలేదు.

అంతకు మూడేళ్ల కిందట, 2021 జూన్ 28న, అదే పోటీ మూడో అంచె పాంటివీలో ముగిసింది. గీత కాస్త దూరంలో ఉందనగా కేలెబ్ ఎవాన్ ముందు చక్రం తన ముందున్నవాడి వెనక చక్రానికి తగిలింది. అతను కింద పడి పీటర్ సాగన్‌ని కూడా పడగొట్టాడు. ఎవాన్‌కి భుజం దగ్గరి కాలర్ ఎముక విరిగింది, టూర్ అక్కడితో ముగిసింది. శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు.

కొత్తగా సైకిల్ రేసులు చూసేవాళ్లని తికమక పెట్టేది ఇదే. ఎముకలు విరిగిన చోట శిక్ష లేదు, ఏమీ జరగని చోట శిక్ష ఉంది. పైకి తలకిందులుగా కనిపించే ఈ లెక్కలో ఒక న్యాయం ఉంది. ఆ న్యాయాన్ని నడిపేవాళ్లే అప్పుడప్పుడు దాన్ని మరిచిపోతుంటారు. గొడవలన్నీ అక్కడే పుడుతుంటాయి.

అసలు స్ప్రింట్ అంటే ఏమిటో ముందు చూద్దాం. రోడ్డు సైకిల్ రేసులో రోజుకి నూటయాభై, రెండు వందల కిలోమీటర్లు తొక్కుతారు. దారి చదునుగా ఉంటే నూటయాభై మందికి పైగా ఒకే గుంపుగా చివరిదాకా వచ్చేస్తారు. గాలే దీనికి కారణం. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, అతని వెనక చక్రానికి అంటిపెట్టుకుని తొక్కేవాడికి దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. అందుకని ఒంటరిగా పారిపోయినవాణ్ని గుంపు చివర్లో పట్టేస్తుంది. ఇక గెలుపు తేలేది ఆఖరి రెండు, మూడు వందల మీటర్లలోనే.

ఆ చోటికి తమ స్ప్రింటర్‌ని తీసుకొచ్చి వదలడం జట్టు పని. నలుగురైదుగురు ఒకరి వెనక ఒకరు వరసకట్టి, ఒక్కొక్కరూ ఊపిరి అయిపోయేదాకా లాగి పక్కకు తప్పుకుంటారు. దీన్ని లీడౌట్ అంటారు. ఆఖరివాడు తప్పుకున్నాక స్ప్రింటర్ బయటికొస్తాడు. అప్పటికి వేగం గంటకు అరవై ఐదు, డెబ్బై కిలోమీటర్లు ఉంటుంది. డెబ్బై అంటే సెకనుకి పంతొమ్మిది మీటర్ల పైమాట. రెండు వందల మీటర్లు పది సెకన్లలో అయిపోతాయి. కన్ను చూసింది బ్రేకు మీదున్న వేలికి చేరడానికి పావు సెకను పట్టినా, అప్పటికే సైకిల్ అయిదు మీటర్లు ముందుకెళ్లిపోయి ఉంటుంది. ముందున్నవాడి చక్రానికీ మన చక్రానికీ మధ్య ఉండేది మహా అయితే జానెడు.

ఇంకో సంగతి. ఆ పది సెకన్లలో మనిషి సీటు మీద కూర్చోడు. లేచి నిలబడి, తల కిందికి వంచి, హ్యాండిల్‌ని రెండు చేతులతో లాగి పట్టుకుని తొక్కుతాడు. ఒక్కో తొక్కుకీ సైకిల్ అటూ ఇటూ ఊగుతుంది. పోటీ సైకిల్ బరువు ఏడు కిలోలకు దగ్గర, దాన్ని ఊపుతున్న మనిషి బరువు డెబ్బై, ఎనభై కిలోలు. తల ఎత్తితే గాలి తగులుతుంది కాబట్టి ఎత్తడు. పక్కవాడు మోచేతి దగ్గరికి వచ్చేదాకా వాడు ఉన్నట్టే తెలియకపోవచ్చు. ఇలాంటి స్థితిలో ఎవరినైనా నిటారుగా, గీత గీసినట్టు వెళ్లమంటే సాధ్యమా? కాదు. నిబంధన రాసినవాళ్లకీ ఆ సంగతి తెలుసు.

అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ. దాని నిబంధనల్లో స్ప్రింట్ గురించి చెప్పింది క్లుప్తంగానే ఉంటుంది: స్ప్రింట్ మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న దారిని వదిలి పక్కకు జరగకూడదు, అలా జరిగి ఇతరులను ప్రమాదంలో పడేయకూడదు. ఈ రెండూ కలిస్తేనే తప్పు. ఖాళీ రోడ్డు మీద అడ్డంగా జరిగినా ఎవరికీ ముప్పు లేకపోతే పట్టించుకోరు. ముప్పు ఉన్నా, తన దారిలో తాను వెళ్తున్నవాడి వెనక చక్రానికి ఎవరైనా వచ్చి తగిలితే ముందువాడి తప్పు కాదు. పాంటివీలో ఎవరికీ శిక్ష పడకపోవడానికీ, దిజోన్‌లో పడటానికీ కారణం ఇదే. నిబంధన చూసేది ఆ పని ప్రమాదకరమా కాదా అన్నది మాత్రమే. ఆ పని వల్ల ఎవరు పడ్డారు, ఎంత దెబ్బ తగిలింది అన్న మాట అందులో లేదు.

నిబంధన బాగానే ఉంది, కానీ "ఎంచుకున్న దారి" రోడ్డు మీద ఎక్కడ కనిపిస్తుంది? ట్రాక్ సైక్లింగ్‌లో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలోడ్రోమ్‌కి వెళ్లినవాళ్లు ఆ వాలు ట్రాక్ మీద లోపలి అంచు దగ్గర గీసిన గీతలు చూసే ఉంటారు. లోపలి నల్ల గీతకి కాస్త పైన ఎర్ర గీత ఉంటుంది. ఆ రెంటి మధ్య స్థలాన్ని స్ప్రింటర్ల దారి అంటారు. ఆఖరి రెండు వందల మీటర్లలో ముందున్నవాడు ఆ దారిలో ఉంటే దాన్ని వదిలి పైకి రాకూడదు. వెనకవాడు కిందినుంచి అందులోకి దూరకూడదు. గొడవ వస్తే రంగు గీత చూపించి చెప్పవచ్చు. రోడ్డు మీద ఆ సుఖం లేదు. రోడ్డు వంకర తిరుగుతుంది, ఒకచోట వెడల్పు ఇంకోచోట ఇరుకు, మధ్యలో రౌండబౌట్. అక్కడ ఎవడి దారి ఏదో ముందు నుంచి, పై నుంచి తీసిన వీడియోలు చూసి ఊహించాలి. పైగా ముందు నుంచి తీసే కెమెరాకి జూమ్ ఎక్కువ. పదిమీటర్ల ఎడం ఉన్నవాళ్లు కూడా అందులో ఒకరి మీద ఒకరు ఉన్నట్టు కనిపిస్తారు. హెలికాప్టర్ నుంచి తీసింది చూసేదాకా ఎవరినీ తిట్టకపోవడం మంచిది.

ఈ తీర్పు చెప్పేవాళ్లని కమిసేర్లు అంటారు. ప్రతి రేసుకీ ఒక బృందం ఉంటుంది, దానికో అధ్యక్షుడు. అంచె ముగిశాక పోడియం మీద పూలగుత్తులు ఇచ్చే లోపు, మహా అయితే గంటా గంటన్నరలో, వాళ్లు తేల్చేయాలి. వాళ్ల చేతిలో ఉన్న శిక్షలకు మెట్లున్నాయి. కొన్ని వందల స్విస్ ఫ్రాంకుల జరిమానా వాటిలో చిన్నది, దాన్ని ఎవరూ లెక్కచేయరు. ఆ రోజు వచ్చిన గుంపులో ఆఖరి స్థానానికి దించడం దానికన్నా పెద్దది. ఇది బాగా తగులుతుంది, ఎందుకంటే టూర్‌లో చదును అంచె గెలిస్తే, పాయింట్లలో ముందున్నవాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ పట్టికలో 50 పాయింట్లు వస్తాయి. కిందికి దించితే అవి పోతాయి, పైగా ఉన్న పాయింట్లలో కోత కూడా వేయొచ్చు. అన్నిటికన్నా పెద్దది రేసు నుంచే పంపించేయడం. ఆ తర్వాత సస్పెన్షన్ వేయాలా అన్నది యూసీఐ క్రమశిక్షణ సంఘం చూసుకుంటుంది.

స్ప్రింటర్లు ఇంత తెగించడం ఎందుకని అడగొచ్చు. వాళ్ల బతుకుతెరువే ఆ పది సెకన్లు. కండబలం ఎక్కువ కాబట్టి కొండలెక్కలేరు, మొత్తం టూర్ గెలిచే ఆశ వాళ్లకి లేదు. ఇరవై ఒక్క అంచెల్లో వాళ్లకి పనికొచ్చేవి ఆరేడు. అందులో ఒకటి గెలిస్తే వచ్చే రెండేళ్ల ఒప్పందం ఖాయం. తన కోసం ఏడుగురు రోజంతా ఎండలో గాలికి ఎదురు తొక్కారన్న బరువు ఒకటి ఉంటుంది. ఆఖర్లో సందు మూసుకుపోతుంటే బ్రేకు వేసేవాడు నిన్నటిదాకా మంచివాడు, రేపటినుంచి స్ప్రింటర్ కాదు. ఈ ఆట తత్వం అది.

పాత రోజుల్లో మోచేతులు, తలలు బాహాటంగానే ఆడేవి. 2010 టూర్ పదకొండో అంచె, బూర్గ్-లె-వలాన్స్‌లో మార్క్ కావెండిష్‌కి లీడౌట్ ఇస్తున్న మార్క్ రెన్‌షా, పక్కన తోసుకొస్తున్న జూలియన్ డీన్‌ని మూడుసార్లు తలతో కుమ్మాడు. ఆపైన వెనక నుంచి వస్తున్న టైలర్ ఫరార్‌కి దారి మూసేశాడు. రెన్‌షాని ఆ రోజే ఇంటికి పంపేశారు. అంచె కావెండిష్‌దే, అది అలాగే నిలిచింది. తలతో కుమ్మడం పొరపాటున జరిగే పని కాదు కాబట్టి ఆ తీర్పుకి కారణం స్పష్టంగానే ఉంది. 2020లో ప్వాతియే దగ్గర సాగన్ బ్యారికేడ్‌కీ వాన్ ఆర్ట్‌కీ మధ్య సందు చేసుకోవడానికి భుజంతో తోసినప్పుడు కూడా అంతే. రెండో స్థానం తీసేసి కిందికి దించారు, పాయింట్లు పోయాయి, ఆకుపచ్చ జెర్సీ పోటీలో వెనకబడ్డాడు. అక్కడా ఎవరూ పడలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, వితెల్ ఒక ఎత్తు.

2017 జులై 4న టూర్ నాలుగో అంచె వితెల్ పట్టణంలో ముగుస్తోంది. సాగన్ అప్పుడు ప్రపంచ ఛాంపియన్. అతను కుడివైపుకి జరిగాడు. కుడి బ్యారికేడ్ వెంబడే కావెండిష్ దూరబోయాడు. సాగన్ మోచెయ్యి బయటికి లేచింది, కావెండిష్ బ్యారికేడ్‌కి కొట్టుకుని పడ్డాడు, భుజపుటెముక విరిగింది. అంచె ఆర్నో దెమార్ గెలిచాడు. కమిసేర్లు మొదట సాగన్‌ని రెండో స్థానం నుంచి దించి, సమయంలో, పాయింట్లలో కోత వేశారు. ఆ సాయంత్రమే మాట మార్చి, రేసు నుంచే పంపేశారు. మధ్యలో ఏం మారింది? వీడియో అదే, రోడ్డూ అదే. మారింది కావెండిష్ గాయం ఎంత తీవ్రమో అన్న వార్త, దానితో పెరిగిన ఆగ్రహం. నాకైతే అలాగే కనిపిస్తుంది. పై నుంచి తీసిన వీడియో తర్వాత చాలామంది నిదానంగా చూశారు. మోచెయ్యి లేచే సరికే కావెండిష్ తూలిపోతున్నాడని, ఆ చెయ్యి సాగన్ తూకం నిలుపుకోవడానికి లేచి ఉండొచ్చని వాదించారు. సాగన్ జట్టు బోరా-హాన్స్‌గ్రోహె క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. రేసులోకి తిరిగి రానివ్వమన్న కోరికని ఆ కోర్టు ఒప్పుకోలేదు. చివరికి అదే ఏడాది డిసెంబర్‌లో, అది దురదృష్టవశాత్తూ జరిగిన, ఉద్దేశం లేని ఘటన అని ఇరుపక్షాలూ ఒప్పుకుని కేసు మూసేశాయి. టూర్ అప్పటికి అయిపోయి నాలుగు నెలలు దాటింది.

ఆ గొడవ ఒక మేలు చేసింది. వీడియోలు చూడటానికే ప్రత్యేకంగా ఒక కమిసేర్‌ని పెద్ద రేసుల్లో 2018 నుంచి కూర్చోబెట్టారు. అంతకుముందు మోటారు సైకిల్ మీదా, కారులోనూ గుంపు వెంట తిరిగే మనుషులే టీవీ ముందు కూడా కూర్చుని తీర్పు చెప్పేవాళ్లు.

ఇక కాటోవిత్సె. దీని గురించి నిదానంగా చెప్పాలి.

2020 ఆగస్టు 5. కరోనాతో నెలల తరబడి ఆగిపోయిన రేసులు అప్పుడే మళ్లీ మొదలయ్యాయి. టూర్ ఆఫ్ పోలండ్ మొదటి అంచె కాటోవిత్సె నగరంలో ముగుస్తుంది. ముగింపు గీత పల్లంలో ఉంది. రైడర్లు కొన్నేళ్లుగా ఆ ముగింపు గురించి మొత్తుకుంటూనే ఉన్నారు, ఎందుకంటే అక్కడ వేగం ఎనభై కిలోమీటర్లకి చేరుతుంది.

ఎనభై అంటే అరవై కన్నా కాస్తే కదా అనిపిస్తుంది. మన రోడ్లతోనే చెప్పుకుందాం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు హైవే మీద చదునుగా పోయేటప్పుడు, తొక్కడం ఆపితే సైకిల్ గాలికే నెమ్మదిస్తుంది. అలసినవాడు తనంత తానే పోటీలో వెనకబడతాడు. అదే సున్నిపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే మలుపుల రోడ్డులో పెడలు తొక్కకపోయినా బండి జోరందుకుంటుంది, బ్రేకు వేయనిదే ఆగదు. బలహీనుడికీ బలవంతుడికీ మధ్య తేడా అక్కడ తగ్గిపోతుంది. అందరూ ఒకే వేగంతో ఒకే చోటికి దొర్లుతారు. అందుకే పల్లంలో ముగిసే స్ప్రింట్‌లో గుంపు చిక్కబడుతుంది. ఇక దెబ్బ సంగతి: వేగం అరవై నుంచి ఎనభైకి పెరిగితే పెరిగింది మూడో వంతే, కానీ ఢీకొన్నప్పుడు ఒంటి మీద పడే శక్తి వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి అది డెబ్బై ఎనిమిది శాతం ఎక్కువ.

ఆ రోజు గ్రూనెవెగెన్ ముందున్నాడు. కుడివైపు నుంచి ఫాబియో యాకబ్సన్ అందుకుంటున్నాడు. గ్రూనెవెగెన్ కుడికి జరుగుతూ పోయాడు, యాకబ్సన్‌కీ బ్యారికేడ్‌కీ మధ్య సందు మూసుకుపోయింది. యాకబ్సన్ బ్యారికేడ్ల మీద పడ్డాడు. అవి అతన్ని ఆపలేదు, ఊడి చెల్లాచెదురై రోడ్డు మీదికి ఎగిరాయి. వెనక వస్తున్నవాళ్లు వాటిమీద పడ్డారు. గీత దగ్గరున్న ఒక అధికారికి కూడా దెబ్బలు తగిలాయి. యాకబ్సన్ పుర్రె, అంగిలి పగిలాయి. పది పళ్లు, దవడ ఎముకలో కొంత భాగం పోయాయి. ముఖానికి 130 కుట్లు పడ్డాయి. డాక్టర్లు అతన్ని మందులతో కోమాలో ఉంచారు. గ్రూనెవెగెన్‌కి కాలర్ ఎముక విరిగింది.

గ్రూనెవెగెన్‌ని రేసు నుంచి తీసేశారు. అంచె గెలుపు ఆసుపత్రిలో ఉన్న యాకబ్సన్‌కి దక్కింది. యూసీఐ ఆ రోజే గ్రూనెవెగెన్ ప్రవర్తనని గట్టిగా ఖండించింది. తర్వాత తొమ్మిది నెలలు, 2021 మే 7 దాకా సస్పెండ్ చేసింది. స్ప్రింట్‌లో పక్కకు జరిగినందుకు అంత పెద్ద శిక్ష అంతకుముందు లేదనే చెప్పాలి. అతనికి చంపుతామని బెదిరింపులు వచ్చాయి, కొన్నాళ్లు పోలీసు కాపలా ఉండాల్సి వచ్చింది.

అతను తప్పు చేయలేదని ఎవరూ అనరు, అతనూ అనలేదు. కానీ అదే తప్పు నాలుగేళ్ల తర్వాత దిజోన్‌లో ఫిలిప్సెన్ చేస్తే ఒక రోజు పాయింట్లతో పోయింది. వాన్ ఆర్ట్ బ్రేకు వేయగలిగాడు, అక్కడ రోడ్డు పల్లం కాదు. చేసిన పని ఒక జాతిదే. ఒకరికి తొమ్మిది నెలలు, ఇంకొకరికి ఒక సాయంత్రం. (ఆ దిజోన్ అంచె గెలిచింది గ్రూనెవెగెనే అన్నది వేరే సంగతి.) కాటోవిత్సెలో పల్లపు ముగింపుని ఎంచుకున్నవాళ్లున్నారు, దానికి అనుమతి ఇచ్చినవాళ్లున్నారు, తగిలితే విడిపోయే బ్యారికేడ్లు నిలబెట్టినవాళ్లున్నారు. తొమ్మిది నెలల లెక్కలో వీళ్లందరి వాటా కూడా ఆ ఒక్క కుర్రాడి పద్దులోకే చేరిపోయిందని నా అభిప్రాయం.

యాకబ్సన్ 2021 ఏప్రిల్‌లో టర్కీలో మళ్లీ రేసుకి వచ్చాడు. ఆ ఏడాదే స్పెయిన్ రేసు వుయెల్తాలో మూడు అంచెలు గెలిచాడు. 2022 టూర్ డెన్మార్క్‌లో మొదలైంది. జులై 2న రెండో అంచె యాకబ్సన్ గెలిచాడు. మర్నాడు మూడో అంచె గ్రూనెవెగెన్ గెలిచాడు.

బ్యారికేడ్ల సంగతి కాటోవిత్సెతో మొదలైంది కాదు. 1991లో పారిస్ షాంజెలీజే మీద ఆఖరి స్ప్రింట్‌లో ఆకుపచ్చ జెర్సీ తొడుక్కున్న జమోలిదీన్ అబ్దుజపరోవ్ తల వంచుకుని తొక్కుతూ అంచుకి తగిలి గాల్లోకి ఎగిరాడు. వైద్యుల సాయంతో ఎలాగో గీత దాటాడు, జెర్సీ నిలబెట్టుకున్నాడు. 1994లో ఆర్మాంతియేర్‌లో బ్యారికేడ్ దగ్గర కాపలా ఉన్న ఒక పోలీసు ఫొటో తీసుకుంటూ కాస్త ముందుకి వంగాడు. విల్‌ఫ్రీడ్ నెలిసెన్ నేరుగా వచ్చి అతన్ని గుద్దుకున్నాడు, వెనక లోరాన్ జలబేర్ పడ్డాడు. ఇలాంటి చోట కమిసేర్ ఏ రైడర్‌ని శిక్షించాలి? పాత బ్యారికేడ్లకు కాళ్లు రోడ్డు మీదికి చొచ్చుకుని ఉండేవి, చక్రం వాటికి తగిలితే అంతే. ఇప్పుడు పెద్ద రేసుల్లో వాలుగా ఉండి, ఒకదానికొకటి బిగించి, కాళ్లు బయటికి రాకుండా చేసినవి వాడుతున్నారు. అందులో పడ్డవాడు జారతాడు. అవి ఖరీదైనవి. ప్రతి చిన్న రేసుకీ, ఆఖరి కిలోమీటరు మొత్తానికీ పెట్టగలిగే శక్తి అందరు నిర్వాహకులకీ లేదు.

శిక్షల్లో తేడాపాడాల గురించి యూసీఐ కూడా ఆలోచించకపోలేదు. 2024 ఆగస్టు 1 నుంచి పసుపు కార్డులు ప్రయోగంగా మొదలుపెట్టింది, 2025 జనవరి 1 నుంచి పూర్తిగా అమలు చేసింది. ఫుట్‌బాల్‌లోలాగా ఎవరూ జేబులోంచి కార్డు తీసి చూపించరు. డెబ్బై కిలోమీటర్ల వేగంలో ఎవరికి చూపిస్తారు? రోజు చివర కమిసేర్లు ఇచ్చే ప్రకటనలో పేరు వస్తుంది. ఒకే రేసులో రెండు కార్డులు వస్తే ఆ రేసు నుంచి తీసేసి ఏడు రోజులు సస్పెండ్ చేస్తారు. ముప్పై రోజుల్లో మూడు వస్తే పద్నాలుగు రోజులు, ఏడాదిలో ఆరు వస్తే ముప్పై రోజులు. రైడర్లకే కాదు, జట్టు కారు నడిపే డైరెక్టర్‌కీ, కెమెరా మోటారు సైకిల్ నడిపేవాడికీ ఇవ్వొచ్చు. పని అయిపోయాక గుంపు మధ్యలో నెమ్మదించి, తన జట్టువాడు గెలుస్తున్నాడని చేతులెత్తి సంబరపడే లీడౌట్ రైడర్‌కి కూడా ఇవ్వొచ్చు. ఇది చాలామందికి వింతగా తోచింది కానీ, వెనక నుంచి నూరుమంది అరవై మీద వస్తుంటే మధ్యలో ముప్పై మీద చేతులు వదిలేసి పోయేవాడు ఒక రాయితో సమానం.

ఈ పద్ధతి వెనక ఉన్న ఆలోచన నాకు నచ్చుతుంది. ప్రమాదం జరిగిందా లేదా అని చూడకుండా, ప్రమాదకరమైన అలవాటుని లెక్కపెడుతుంది. ఎవరూ పడని రోజు కూడా పద్దులో పడుతుంది. ఒక పెద్ద శిక్షకీ శిక్షే లేకపోవడానికీ మధ్య ఉన్న ఖాళీని అది నింపుతుంది.

ఆచరణ వేరు. 2025 జులై 7న టూర్ మూడో అంచె డంకర్క్‌కి పోతోంది. మొదటి అంచె గెలిచి ఆకుపచ్చ జెర్సీలో ఉన్నది అదే ఫిలిప్సెన్. ముగింపుకి ఇంకా చాలా దూరం ఉండగా, దారి మధ్యలో పాయింట్ల కోసం పెట్టే స్ప్రింట్ వచ్చింది. బ్రయాన్ కొకార్, లారెన్స్ రెక్స్ ఒకరికొకరు తగిలారు. చిన్నగా ఉండే కొకార్ ఆ తగులుకి పక్కకు కొట్టుకుపోయి, పడబోయి నిలదొక్కుకున్నాడు. కానీ అతను తగిలింది ఫిలిప్సెన్‌కి, నేల మీద పడ్డది ఫిలిప్సెన్. కాలర్ ఎముక విరిగి ఇంటికెళ్లాడు. పసుపు కార్డు కొకార్‌కి ఇచ్చారు. తనకి పడగొట్టే ఉద్దేశం లేదని అతను చెప్పాడు. వీడియో చూస్తే నమ్మాలనిపిస్తుంది. సందులో దూరడానికి ప్రయత్నించాడు, అది నిజమే. అలాంటి ప్రయత్నాలు ఆ టూర్‌లో రోజూ కనిపించాయి, అన్నిటికీ కార్డులు రాలేదు. ఆకుపచ్చ జెర్సీ నేల మీద పడకపోయి ఉంటే కొకార్ పేరు ఆ సాయంత్రం ప్రకటనలో ఉండేదా అన్నది నాకు అనుమానమే. చూస్తే వితెల్ ఇంకా పూర్తిగా వదల్లేదు.

రైడర్ మీదే దృష్టి పెట్టకుండా చేస్తున్న పనులు కూడా కొన్ని ఉన్నాయి. వేగం తగ్గించడానికి గేర్లకి పరిమితి పెడదామన్నది ఒకటి. ముందు 54 పళ్లు, వెనక 11 పళ్లు మించకూడదని 2025 అక్టోబర్‌లో చైనాలోని గ్వాంగ్షీ టూర్‌లో పరీక్షించాలనుకున్నారు. అది తమ వ్యాపారానికి అన్యాయమని గేర్లు తయారుచేసే ష్రామ్ కంపెనీ ఫిర్యాదు చేసింది, బెల్జియం పోటీ నియంత్రణ సంస్థ ఆ పరీక్షని ఆపించింది. వ్యాపార గొడవ సరే, అసలు ఆలోచన మీదే నాకు నమ్మకం తక్కువ. పైన చెప్పిన పల్లం సంగతే ఇక్కడా వర్తిస్తుంది. పెద్ద గేరు తిప్పగల బలవంతుడికి ఆ వీలు లేకుండా చేస్తే అందరూ ఒకే వేగంలో చిక్కుకుంటారు, గుంపు ఇంకా ఇరుకవుతుంది.

మూడు కిలోమీటర్ల నిబంధన అంతకన్నా మేలు. చదును అంచెల్లో ఆఖరి మూడు కిలోమీటర్లలో ఎవరైనా పడినా, పంక్చరైనా, అప్పటిదాకా తను ఉన్న గుంపు సమయమే అతనికీ ఇస్తారు. ఇది స్ప్రింటర్ల కోసం పెట్టింది కాదు. మొత్తం రేసు గెలవాలనుకునే, బక్కగా ఉండే కొండవీరుల కోసం. వాళ్లు సెకన్లు పోతాయన్న భయంతో, వెనక ఎవరో పడితే తామూ ఆగిపోతామన్న భయంతో, స్ప్రింటర్ల లీడౌట్ వరసల మధ్యలోకి తమ జట్లతో సహా దూరి ముందు వరసల్లో ఉంటారు. ఆరు జట్లకి సరిపోయే రోడ్డు మీద పన్నెండు జట్లు తోసుకుంటాయి. ఇప్పుడు ఈ దూరాన్ని అవసరమైన చోట అయిదు కిలోమీటర్ల దాకా పెంచుకునే వీలు కల్పించారు. అయిదు కిలోమీటర్ల ముందే ఆ భయం తీరిపోతే సగం మంది పక్కకు తప్పుకుని నెమ్మదిగా వస్తారు. అక్కడ మిగిలేది నిజంగా గెలవడానికి వచ్చినవాళ్లు, వాళ్ల ముందు కాస్త ఖాళీ రోడ్డు. కార్డుల కన్నా ఈ ఖాళీయే ఎక్కువ ఎముకలు కాపాడుతుందని నా లెక్క. అయితే ఏ అంచెకి ఎన్ని కిలోమీటర్లన్నది రేసుకి ముందే తేల్చి రాసిపెట్టాలి. గీత ఎత్తు మీద ఉండే ముగింపులకి ఇది వర్తించదు. ఇరుకు వీధుల్లోంచి పల్లంలోకి దిగే ముగింపు పెట్టుకుంటే అయిదు కిలోమీటర్లు కూడా చాలవు.